నాతవలసలో దిగలేదు

విజయనగరం,
డిసెంబరు 2.

యమున గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. అంతకుముందు మీరు చేసిన ఫోన్లు కూడా చూశాను. ఎత్తలేదు. ఏమనాలో తోచక అవతలి మనిషి ఊపిరి తీసుకోవడం ఫోనులో వినపడుతుంది. అది నావల్ల కావడం లేదు. చెప్పవలసింది ఉంటే రాయండి. జవాబిస్తాను.

మీరూ కుసుమా కలిసి ఎమ్మెస్సీ చదివారు. చివరి రోజు ఏం జరిగిందో అడిగే హక్కు మీకుంది. రాస్తున్నాను.

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. బస్సుల సమ్మె మొదటి రోజు. శ్రీకాకుళంలో మీ కాలేజీ సదస్సుకు పదిన్నరకల్లా చేరాలి అంది. స్కూటరు మీద దింపుతానన్నాను. డెబ్భై కిలోమీటర్లు, మీ నడుము ఆగదు అంది. ఘంటస్తంభం దగ్గర వదిలేస్తే ఏదో ఒక బండి పట్టుకుంటాను, నాతవలస కూడలిలో దిగితే హైవే మీద శ్రీకాకుళం వైపు ఏదైనా దొరుకుతుంది అంది. ఏడున్నరకు దింపాను. ఇక మీరు వెళ్లండి అంది. వెళ్లాను.

ఆమె ఎక్కింది చేపలమ్మే ఆడవాళ్లను తీసుకెళ్లే చిన్న గూడ్సు బండి. గంపలతో బస్సెక్కనివ్వరు కనక వాళ్లకు వేరే బండి ఉంటుంది. అది నాతవలస కూడలి దాటి భోగాపురం వైపు పోయి బోల్తా పడింది. కూడలిలో శ్రీకాకుళం ఎడమకు, భోగాపురం కుడికి. ఆమె కూడలిలో దిగాలి. దింపలేదు. డ్రైవరు ఆపకుండా తీసుకుపోయాడని ఫిర్యాదు ఇచ్చాను. అతను కాదనలేదు.

నేను సర్వేయరుని. మూడో రోజు వెళ్లి కొలిచాను. కూడలి నుంచి నాలుగు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు.

మర్నాడు పేపర్లో రెండు వార్తలు పక్కపక్కన వేశారు. ఒకటి కుసుమది. రెండోది, మీ సదస్సును సమ్మె కారణంగా ముందు రోజు రాత్రే వాయిదా వేశారని.

ఒక్కటే అడుగుతున్నాను. రాత్రే వాయిదా వేస్తే, ఆమెకు ఎందుకు చెప్పలేదు?

ఇట్లు,
జగన్నాధం.


శ్రీకాకుళం,
డిసెంబరు 9.

అన్నయ్యగారికి,

మీ ప్రశ్న ముందు పెట్టుకుని వారం రోజులు కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఏడింటి దాకా సమ్మె ఉండదనే అన్నారు. చర్చలు జరుగుతున్నాయి, తేలిపోతుంది అన్నారు. మా ప్రిన్సిపాల్ గారు "ఏం కాదమ్మా, కానివ్వండి" అన్నారు. నూట ఇరవై మంది రావాలి. బ్యానరు కట్టేశాం. వంటాయన ఉప్మారవ్వ వేయించేశాడు. ఎనిమిదింటికి టీవీలో చర్చలు విఫలమని వచ్చింది. విశాఖపట్నం నుంచి రావలసిన ముఖ్యవక్త "నేను రాలేను, మీరు కానివ్వండి" అన్నారు. ఆయన లేకుండా కానివ్వడానికి ఏముంది? నలుగురం జాబితాలు పంచుకుని ఫోన్లు మొదలుపెట్టాం.

అయినా మర్నాడు పదకొండు మంది వచ్చేశారు. పాలకొండ నుంచి ఒకాయన పాల వ్యానులో క్యాన్ల మధ్య నిలబడి వచ్చాడు. చొక్కా జేబులో పెన్‌డ్రైవు, దాని మీద చెయ్యి. టెక్కలి అమ్మాయి ఇటుకల లారీలో వచ్చింది. పట్టుచీర మీద ఎర్ర దుమ్ము. ఊళ్లో అయితే ఇంకా ఘోరం. డయాలసిస్‌కి వెళ్లాల్సిన మా వీధి మాస్టారిని రిక్షాలో పడుకోబెట్టి తోసుకెళ్లారు. ఆటోవాళ్లు అడిగిందే ధర. ఆ పదకొండు మందికీ నూట ఇరవై మంది ఉప్మా పెడుతూ ఉండగా మీ ఊరి నుంచి ఫోను వచ్చింది. నా చేతిలో గరిటె ఉంది. అది ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు.

కుసుమ పేరు నా జాబితాలోనే ఉంది. ఫోను చేశాను, కలవలేదు. మళ్లీ చేయాలి. చేయలేదు. మిగతావాళ్ల హడావుడిలో మరిచిపోయాను.

తప్పు నాది అన్నయ్యగారూ. క్షమించమని అడగను.

యమున.


విజయనగరం,
డిసెంబరు 16.

యమున గారికి,

ఒప్పుకున్నారు. సరే. ఇక ఆ మాట మళ్లీ ఎత్తను. సమ్మె చేసినవాళ్ల మీద కూడా నాకు కోపం లేదు. వాళ్ల కారణాలు వాళ్లవి.

బొబ్బిలి నుంచి మా అన్న ట్రాక్టరు మీద బయలుదేరి వచ్చేసరికి దహనం అయిపోయింది. మాకు పిల్లలు లేరు. నిప్పు నేనే పెట్టాను. అస్థికలు శ్రీముఖలింగం తీసుకెళ్లి వంశధారలో కలపాలి. బస్సులు లేవు. సమ్మె ఐదో రోజు రాత్రి ముగిసింది. ఆరో రోజు మొదటి బస్సెక్కాను. ఒళ్లో ముంత పెట్టుకున్నాను. కండక్టరు "ఎంతమందండీ?" అన్నాడు. ఇద్దరు అన్నాను. అతను ముంత చూశాడు. ఒకటే కొట్టాడు.

డ్రైవరు పేరు అప్పలసూరి. ఇరవై రోజులు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడట. బండి స్టేషన్లో ఉంది. ఆమె ఆపమని అడిగే ఉంటుందని నేను చెప్పాను. ఆపమని కేకలు వేసినా ఆపకుండా అని స్టేషన్ రైటరు రాశాడు. చదివి సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటతో కేసు గట్టిపడింది అంటున్నారు. పడనివ్వండి.

జగన్నాధం.


శ్రీకాకుళం,
జనవరి 6.

అన్నయ్యగారికి,

సదస్సు ఎలాగూ జరగలేదు. వ్యాసాలన్నీ కలిపి పుస్తకంగా వేస్తున్నాం. కుసుమ వ్యాసం మొదట ఉంటుంది. మన తీరంలో చేపల పేర్లు, ఏ చేప ఏ నెలలో ఏ ఒడ్డుకు వస్తుందో, వాడుకలో దాన్ని ఏమంటారో. అందులో తీరపు పటం మీరు గీసిందేనటగా. కింద మీ పేరు వేయమంటారా?

ఇంకో మాట. కోపగించుకోకండి. ఆ డ్రైవరు మీద అంత గట్టి కేసు అవసరమా? ఆ ఊరి ఆడవాళ్లందరికీ ఆ బండి ఒక్కటే దిక్కు. అది స్టేషన్లో పడి ఉంటే వాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని ఆరు కిలోమీటర్లు రోడ్డు దాకా నడుస్తున్నారు. ముసలివాళ్లు అమ్మకమే మానేశారు. ఆలోచించండి.

యమున.


విజయనగరం,
జనవరి 10.

యమున గారికి,

బండి ఏ ఊరిదో పేపర్లో రాలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఆ ఊరి నుంచి రోడ్డుకు ఆరు కిలోమీటర్లని మీకెలా తెలుసు?

మీ ఉత్తరం చదివాక కుసుమ ఫోను తీశాను. రెండు నెలల్లో ఇదే మొదటిసారి. దానికి తాళం లేదు. నేను ఎప్పుడూ చూడనని ఆమెకు తెలుసు.

నవంబరు పదమూడు, రాత్రి ఎనిమిదీ నలభై. యమున. పదకొండు నిమిషాలు.

కలవలేదని రాశారు.

జగన్నాధం.


శ్రీకాకుళం,
జనవరి 19.

అన్నయ్యగారికి,

కోపంతో రాయడం లేదు అని మొదలుపెట్టి కొట్టేశాను. కోపం ఉంది. నా మీద, మీ మీద, కుసుమ మీద కూడా.

పదకొండు నిమిషాలు మాట్లాడాను. సదస్సు వాయిదా అని మొదటి నిమిషంలోనే చెప్పాను. కుసుమ నవ్వింది. "వాయిదానా? బతికించావే. మీ ఉపన్యాసాలు వినక్కర్లేదు. రేపు రోజంతా అమ్మ దగ్గరే" అంది. తక్కిన పది నిమిషాలూ వాళ్లమ్మకు ఏం పట్టుకెళ్లాలో మాట్లాడుకున్నాం.

ఆమె శ్రీకాకుళం రావడానికి బయలుదేరలేదు అన్నయ్యగారూ. భోగాపురం దాటి సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళుతోంది. ఏడేళ్లుగా వెళుతూనే ఉంది. మీతో సదస్సు అని, వర్క్‌షాపు అని, పేపర్లు దిద్దడం అని చెప్పిన రోజుల్లో సగం అక్కడికే. ఒకసారి నేనూ వెళ్లాను, చేపల పేర్లు రాసుకోవడానికి. ఆ పేర్లన్నీ చెప్పింది వాళ్లమ్మే. వ్యాసంలో మాత్రం "ఒక మత్స్యకార మహిళ" అని రాసుకుంది. ఎందుకో మీకు తెలుసు.

మామూలుగా అయితే బస్సులో వెళ్లేది. ఆ రోజు బస్సులు లేవు కనక, మార్కెట్లో చేపలు అమ్ముకుని వెనక్కి వెళ్లే బండిలో ఎక్కింది.

డిసెంబరులో అప్పలసూరి మా కాలేజీకి వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. మీతో మాట్లాడమని అడగడానికి కాదు, మాట్లాడొద్దని చెప్పడానికి. అతను అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఆపమంటే ఆపనేదని రాసినారమ్మా బావుగారు. ఆ తల్లి ఆపమన్నేదు. గంపల మధ్య కూకోని నవ్వుతన్నాది. అయితే మాత్తరం నానేటి సెప్పగలను? ఆపమన్నేదని సెప్తే, మరెక్కడికెల్తందిరా అంటారు. అది సెప్తే మాట పోద్ది. మా ఆయనకి తెలీకూడదని మా పెద్దల కాడ కూకోని అడిగింది గదా, ఊరంతా గంగమ్మ మీద ఒట్టేసినాం. సచ్చిపోయిన మనిసికిచ్చిన మాట ఎనక్కి తీసుకోడానికి ఎవుల్ని అడగాల సెప్పండి?"

ఆ రోజు హైవే నిండా ఆటోలు, మోటారుసైకిళ్లు. ఎదురుగా ఒక లారీ ఇంకో బండిని దాటుకుంటూ మీదికి వచ్చింది. ఇతను బండిని పక్కకు దింపాడు. కొత్తగా పోసిన మట్టి కుంగింది. గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కించుకున్నది తప్పే. అది ఒప్పుకుంటాడు. చేయని తప్పు కూడా ఒప్పుకుని కూర్చున్నాడు.

వాళ్ల ఊరు మాట నిలబెట్టుకుంటోంది కదా అని నేనూ నా వంతు అబద్ధం మీకు రాశాను. ఫోను కలవలేదన్నాను. మీరు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, కుసుమ మీద మీ మనసు విరగకూడదు అనుకున్నాను. కానీ ఒక మనిషి జైలుకు పోతుంటే నోరు మూసుకుని ఉండటం నాకు చేతకాలేదు.

మీ దగ్గర పోలీసు కాగితం ఉంటుంది. గాయపడినవాళ్ల పేర్లు చూశారా?

యమున.


విజయనగరం,
జనవరి 22.

యమున గారికి,

కాగితం నవంబరు పదిహేడు నుంచి నా దగ్గర ఉంది. మొదటి పేజీ నాకు కంఠస్థం. స్థలం, సమయం, దూరం, వాలు. దూరంలో ఎనభై మీటర్లు తప్పు రాశారు. దిద్దించాను.

రెండో పేజీ: గాయపడినవారు ఆరుగురు మహిళలు. ఆ వాక్యం చదివి పేజీ తిప్పేశాను.

నాలుగో పేరు. లక్ష్మణమ్మ, 66 సంవత్సరాలు, చేపల అమ్మకం, ఎడమ తొడ ఎముక విరిగినది.

మా అత్తగారు.

అరవై ఆరు రోజులు ఈ కాగితం నా బల్ల మీద ఉంది. దాని మీద టీ గ్లాసు కూడా పెట్టాను.

ఇంకేమీ రాయలేను.

జగన్నాధం.


శ్రీకాకుళం,
జనవరి 27.

అన్నయ్యగారికి,

వెళ్లండి. ముందుగా కబురు చేయకండి, చేస్తే కుసుమ వాళ్లమ్మ దాక్కుంటుంది. సోమవారం నుంచి మళ్లీ బస్సుల సమ్మె అంటున్నారు. ఈలోపే వెళ్లండి.

ఒక్కటి మాత్రం చెప్పండి. ఏడేళ్ల కిందట కుసుమతో ఏమన్నారు? కుసుమ నాకెప్పుడూ చెప్పలేదు. "ఆయన ఒక్క మాటే అన్నారే, పెద్దగా కూడా అనలేదు" అనేది. అంతే.

యమున.


విజయనగరం,
ఫిబ్రవరి 1.

అమ్మా యమునా,

శనివారం వెళ్లాను. భోగాపురంలో బస్సు దిగి నడిచాను. ఆ రోడ్డు నేను కొలిచిందే. నువ్వు అడిగినదానికి ముందు జవాబు రాస్తాను.

ఏడేళ్ల కిందట ఆ రోడ్డుకు కొలతలు వేయమని పంపారు. మా అత్తగారు చేపలు ఎండబెట్టుకునే దిబ్బ గీతలోకి వచ్చింది. కొంచెం పక్కకు జరపరాదా బావూ అంది. గీత జరగదు అన్నాను. నిజానికి జరపవచ్చు. పైకి రాసి అడగాలి, నెల పడుతుంది. మా సిబ్బంది చూస్తున్నారు. అత్తగారికి మేలు చేశాడంటారని అడగలేదు. ఆమె గంపెత్తి చేపనీళ్లు నా పటం మీద కుమ్మరించింది. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి కుసుమతో అన్నాను: "ఆ ఇంటికి వెళితే మళ్లీ ఈ ఇంటికి రానక్కర్లేదు." ఆమె కూర తరుగుతోంది. "సరే" అంది. ఒప్పుకుంది అనుకున్నాను. మర్నాడు మరిచిపోయాను కూడా. ఏడేళ్లలో ఒక్కసారైనా, మీ అమ్మ ఎలా ఉందని అడగలేదు. అడిగి ఉంటే అంతటితో అయిపోయేది. కుసుమ పోయిందని కూడా ఆ ఇంటికి కబురు పంపలేదు.

శనివారం ఆమె ఇంటి ముందు నులకమంచం మీద కాలు చాపుకుని ఎండుచేపలు ఏరుతోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు. నీడ పడితే తలెత్తింది. చాలాసేపు చూసింది.

"ఏటి బావూ, ఈపాలి గొలుసు తేనేదా?"

కొలతల గొలుసు.

పక్కనున్నామె, "అల్లుడుగారికి దూరంగా ఎయ్యండే పీట. సేపనీల్లు పడవు" అంది. రెండోది నవ్వి వెంటనే ఆపేసింది.

"నోర్ముయ్యండే" అంది అత్తగారు. "కూకో బావూ. ఇసక అంటుకుంటే ఏటైపోతాది, దులుపుకుంటే పోతాది."

ఇసకలోనే కూర్చున్నాను. నాకు ఇప్పుడే తెలిసింది అన్నాను.

"తెలిసిపోనాదా?" అంది. ఆ ముఖంలో మొదట వచ్చింది భయం. "నా గుంట మీద కోపమొచ్చినాదేటి? దాని తప్పు నేదు బావూ. నాను రమ్మన్నాను. బస్సుల్నేవు, రేపు రాకే అని సెప్పాలి గదా కన్నతల్లన్నాక? సెప్పనేదు. బజారు కాడికి వొచ్చీ, మా బండిలో తీసుకెల్తాను అన్నాను. నాను రమ్మనకపోతే ఇంట్లో కూకోని వొండుకునేది."

నేనే ఘంటస్తంభం దగ్గర దింపాను అన్నాను.

"నువ్వు దింపినావు, నాను ఎక్కించినాను" అంది.

తర్వాత చెప్పింది. "గంపల మధ్య కూకున్నాది. సీర తడిసిపోతాదే, ఆయన సూస్తాడు అన్నాను. ఆయన దేన్నీ సూడరే అమ్మా అన్నాది. నవ్వుకుంటానే అన్నాది బావూ, నిన్ను ఆడిపోసుకుని కాదు."

ఏ ఆసుపత్రిలో చేర్చారు అని అడిగాను.

"దాన్ని తెచ్చిన ఆసుపత్రిలోనే ఉన్నాను గదా. మెట్ల కింద వార్డులో పడీసినారు. తలుపు తీసే ఉన్నాది. నువ్వు మెట్లెక్కి పైకెల్తన్నావు. చేతిలో దాని చెప్పులున్నాయి. పిలుద్దామని నోటికాడికొచ్చినాది. పిలిస్తే నా గుంట అబద్ధం బయటపడిపోద్ది గదా. గుడ్డ నోట్లో కుక్కుకున్నాను."

యమునా, ఆ మెట్లు పద్దెనిమిది. ఎక్కుతూ లెక్కపెట్టాను. పక్కకు చూడలేదు.

సాయంత్రం నూకయ్య అనే పెద్దాయన, ఇంకో నలుగురు వచ్చారు. అప్పలసూరి దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు. స్టేషన్లో మీరందరూ నిజం చెప్పండి, నేను ఒట్టు వదిలేయమంటున్నాను అన్నాను. నూకయ్య తల అడ్డంగా ఊపాడు.

"మాట అడిగినోలే మాట ఒగ్గాల బావూ. ఆ పిల్ల నేదు. మరి మేం ఎలగ ఒగ్గుతాం? అప్పలసూరి జేలుకెల్తే ఆడి పిల్లల్ని ఊరు సాకుతాది. మాట తప్పితే సంద్రం మీద ఏటకెల్లినోడు ఎనక్కి రాడు." కొంచెం ఆగి అన్నాడు. "అయితే మీరు మాకు మాటియ్యనేదు గదా. మీకడ్డేటి?"

అందరూ నా వైపు చూశారు. అర్థమైంది. ఇది చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

చెప్పాలంటే, నా భార్య ఏడేళ్లు నాకు భయపడి అబద్ధమాడిందని పదిమందిలో చెప్పాలి. నా ఆఫీసు ఆ స్టేషనుకు రెండు వీధుల అవతల. ఛార్జిషీటు వారంలో వెళ్లిపోతుంది.

మీ పుస్తకంలో పటం కింద నా పేరు వేయవద్దు. "ఒక మత్స్యకార మహిళ" అన్నచోట లక్ష్మణమ్మ అని వేయండి. ఒడ్డున రెండు ఊళ్లు నేను తారుమారుగా గుర్తించానని ఆమె చెప్పింది. ఆమె చెప్పిందే సరి.

జగన్నాధం.


శ్రీకాకుళం,
ఫిబ్రవరి 5.

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం నిలబడి చదివాను. ఆ మెట్ల కింది సంగతి నాకు కూడా తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు.

పేరు వేయించాను.

సమ్మె నాలుగో రోజు. మా కాలేజీలో ప్రాక్టికల్స్‌కి సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్లలో ఎవరు ఏ లారీ ఎక్కి వచ్చారో వాళ్ల అమ్మలకు తెలియదు. నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ఎలా వచ్చావ్, ఎలా వెళతావ్ అని. పిచ్చిదాన్నయ్యానని అనుకుంటున్నారు.

స్టేషనుకు వెళ్లారా? మీ మాటల్లో మీరే రాయండి. ఈసారి రైటరు మాట రానివ్వకండి.

మీ చెల్లెలు,
యమున.


విజయనగరం,
ఫిబ్రవరి 8.

అమ్మా యమునా,

శుక్రవారం వెళ్లాను. బస్సులు లేవు. పొద్దున్నే స్కూటరు మీద ముందు ఊరికి వెళ్లాను. అప్పలసూరిని రమ్మని చెప్పడానికి. స్టేషన్లో బెయిలు సంతకం పెట్టాల్సిన రోజని అతను అప్పటికే నడిచి బయలుదేరాడట. అత్తగారు కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నేనూ వస్తాను అంది. కాలు అన్నాను. "కాలుకేటి, అదీ వస్తాది" అంది. వెనక కూర్చోబెట్టుకున్నాను. దారి పొడవునా, మెల్లగా, మెల్లగా అంటూనే ఉంది. బండి పడిన ఆ మట్టి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా చొక్కా పట్టుకుంది.

స్టేషన్లో జనం ఎక్కువగా ఉన్నారు. సమ్మె గొడవలు. ఆటోల తగాదాలు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. అప్పలసూరి గేటు బయట ఆగిపోయాడు.

రైటరుకు చెప్పాను, మొదట ఇచ్చిన వాంగ్మూలం తప్పు, మార్చాలి అని. విన్నాడు. మంచివాడే. గొంతు తగ్గించి అన్నాడు. "ఏటండీ, ఇంటి గుట్టు కాగితం మీదెందుకు? ఆమె ఎక్కడ దిగాలో నాకు సరిగ్గా తెలియదు, పొరపాటుగా రాయించాను అని రాసేద్దాం. కేకలేసినట్టు తీసేద్దాం. ఆ కుర్రోడికి సరిపోతాది, మీ పరువూ మిగులుతాది. మీరు మా పక్కాఫీసు మనిషి గదా."

ఒక నిమిషం ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అబద్ధమవుతుంది. అలా రాస్తే సరిపోయేది కూడా.

వద్దన్నాను. కాగితం తీసుకుని నేనే రాశాను. చదివి వినిపించడం వాళ్ల పద్ధతి. నిలబడి విన్నాను. రైటరు మామూలు గొంతుతోనే చదివాడు. అందరికీ వినపడింది.

"నా భార్య కుసుమకుమారి ఆ రోజు శ్రీకాకుళం వెళ్లడం లేదు. ఆమె వెళ్లవలసిన సదస్సు వాయిదా పడిందని ఆమెకు ముందు రోజే తెలుసు. తన తల్లి ఇంటికి వెళుతున్నది. తన ఇష్టంతో ఆ బండి ఎక్కింది. నాతవలసలో దిగవలసిన అవసరం ఆమెకు లేదు. ఆపమని అడగలేదు. తల్లిని చూడవద్దని ఏడేళ్ల క్రితం నేను ఆంక్ష పెట్టాను. అందుచేత నాకు చెప్పకుండా వెళ్లేది. మొదటి వాంగ్మూలంలో నేను చెప్పినది నేను చూసినది కాదు, ఊహించినది."

ఆటో తగాదా మనుషులు కూడా నా వైపు తిరిగారు. మా ఆఫీసు అటెండరు ఏదో పని మీద వచ్చి గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

ఎస్సై అడిగాడు. ఆ సంగతి ఆవిడ మీకెందుకు చెప్పలేదంటారు? చెబితే వినే మనిషిని కాను అన్నాను. అది కూడా రాయమన్నాను. అది అక్కర్లేదన్నాడు.

గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కించిన కేసు ఉంటుంది. బలవంతంగా తీసుకుపోయాడన్నది పోతుంది. బండి విడిపించడానికి కోర్టులో అడగవచ్చు అన్నాడు. అప్పుడు బెంచీ వైపు చూశాడు. "ఆ ముసలమ్మ ఎవరు? గాయపడ్డవాళ్లలో ఉంది గదా?"

మా అత్తగారు అన్నాను.

"ఏటమ్మా" అన్నాడు ఆమెతో. "మీ అల్లుడు చెప్పింది నిజమేనా? మీ అమ్మాయి నీ దగ్గరికేనా వస్తూంది?"

ఆమె కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిదానంగా చూసింది. ఎస్సైని కాదు, నన్ను.

"నాకేటీ తెల్దు బావూ. మా ఊరికో మాటున్నాది, నాను సెప్పకూడదు" అంది. "ఆయన పెళ్లాం సంగతి ఆయనకి తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది?"

రైటరు నవ్వాడు. ఎస్సై కూడా నవ్వి, ఇక్కడ పెట్టండి అని చూపించాడు.

ఇరవై రెండేళ్ల కాపురంలో నా గురించి ఆ మాట, నా భార్య సంగతి నాకు తెలుసన్న మాట, ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు, నిజం కాదు కనక. సంతకం పెట్టాను.

నీ అన్నయ్య,
జగన్నాధం.